ఉత్తరీయం

ఎండ నుండి, చలి నుండి శరీరాన్ని కాపాడుకోవడానికి మాత్రమే మానవుడు వస్త్రాన్ని ధరించి ఉంటే పురుషుని భుజం మీద ఉత్తరీయానికి చోటు దొరికేది కాదు. చొక్కా తొడుక్కొన్నవానికి అది చలి కాయడానికి అక్కరలేదు. పంచె కట్టుకొన్నవానికి మానరక్షణకూ అక్కరలేదు. అయినా పెండ్లిపీటల మీద కూర్చున్న వరుడు, సభావేదికనెక్కిన పండితుడు, పూజకు కూర్చున్న గృహస్థు, రచ్చబండ వద్ద తీర్పు చెప్పిన గ్రామపెద్ద దానిని విడిచిపెట్టలేదు. పాశ్చాత్యుల వేషంలో దీనికి పోలిక వెదికితే కోటుకు ఎడమవైపున పై జేబులో మడిచి పెట్టుకొనే చేతిరుమాలు గుర్తుకు వస్తుంది. ముఖం తుడుచుకొనే రుమాలు వేరొక జేబులో ఉంటుంది. పై జేబులోనిది కేవలం సందర్భ గౌరవం కోసం. ఉత్తరీయం కూడా అటువంటిదే. అవసరానికి మించిన గుడ్డ అది. అందువల్లనే అది వస్త్రంగా కంటె భాషగా ఎక్కువ పనిచేసింది. ఆ భాషలో గౌరవవాచకాలు ఉన్నాయి, అవమానవాచకాలూ ఉన్నాయి.

'ఉత్తర' శబ్దానికి పైది అని అర్థం. శరీరానికి పై భాగాన ధరించేది ఉత్తరీయం, క్రింది భాగాన కట్టుకొనేది అంతరీయం. అమరసింహుడు తన నిఘంటువులో పై వస్త్రానికి ప్రావారం, ఉత్తరాసంగం, బృహతిక, సంవ్యానం, ఉత్తరీయం అని అయిదు పేర్లు చెప్పాడు. తెలుగువారు దీనిని పైపంచె అన్నారు, సెల్లా అన్నారు, కండువా అన్నారు. జరీ అంచు ఉండి పంచెకు జోడుగా వచ్చేదానిని అంగవస్త్రం అంటున్నాము. పొలం పనికి పోయేవాని భుజం మీద ఉన్నప్పుడు అదే తువ్వాలు, తుండుగుడ్డ అయింది. అన్నీ కుట్టు లేని నిలువుపాటి గుడ్డలే. నూలులో, నేతలో, వెలలో ఉన్న భేదం పేరులోకి కూడా వచ్చి చేరింది.

ప్రాచీనకాలంలో ఉత్తరీయాన్ని స్త్రీ పురుషులిద్దరూ ధరించేవారు. రావణుడు తనను ఆకాశమార్గాన తీసుకొని పోతున్నప్పుడు సీతాదేవి తన ఆభరణాలను ఉత్తరీయంతో పాటు కొండ మీది వానరుల నడుమ జారవిడిచింది. తరువాత సుగ్రీవుడు వాటిని తెచ్చి చూపినప్పుడు శ్రీరాముడు కన్నీరు మున్నీరైన ఘట్టం రామాయణంలో అందరూ ఎరిగినదే. ధర్మసూత్రకారుడైన ఆపస్తంబుడు గృహస్థు ఎల్లప్పుడూ పై వస్త్రం ధరించవలెనని విధించి, అది లేనప్పుడు దానికి బదులుగా సూత్రమొక్కటైనా చాలునని చెప్పాడు. యజ్ఞోపవీతం ఒకప్పటి ఉత్తరీయానికి ప్రతినిధి అని పండితులు అనడానికి ఇటువంటి విధులే ఆధారం. శుభకార్యాలలో ఒంటి గుడ్డతో కూర్చోరాదనే ఆచారం నేటికీ మన ఇండ్లలో ఉన్నది. ఏకవస్త్రం అశుభకర్మకు గుర్తు. చొక్కా విప్పి పూజకు కూర్చున్న తండ్రికి తల్లి వెంటనే ఒక కండువా తెచ్చి ఇవ్వడం మీలో చాలమంది చూచే ఉంటారు.

ఉత్తరీయాన్ని వేసుకొనే తీరును బట్టి ఆ సమయంలో చేస్తున్న పని ఏదో తెలుస్తుంది. ఎడమ భుజం మీదుగా వచ్చి కుడి చంక క్రిందుగా పోతే అది ఉపవీతం, దేవకార్యానికి తగినది. కుడి భుజం మీదికి మారితే ప్రాచీనావీతం, పితృకార్యానికి సంబంధించినది. దండవలె మెడలో వ్రేలాడితే నివీతం; ఋషితర్పణానికి చెప్పబడినది. యజ్ఞోపవీతానికి చెప్పిన ఈ మూడు తీరులే ఉత్తరీయానికీ వర్తిస్తాయి. ఇవి కాక ఉత్తరీయాన్ని ఉచ్చువలె మెడకు, భుజానికి తిప్పి వేసుకొనే తీరుకు తెలుగులో వల్లెవాటు అనే అందమైన మాట ఉన్నది. వల్లె అనగా ఉచ్చు. ఈ మాట ఈనాడు నిఘంటువులకే పరిమితమైపోవడం నాబోటివారికి కొంచెం కష్టంగానే ఉంటుంది.

రాజసభలలో మాత్రం ఉత్తరీయం ఒక్కటే సరిపోయేది కాదు. కర్ణాట రాజ్యలక్ష్మిని ఉద్దేశించి శ్రీనాథుడు చెప్పినట్లుగా ప్రసిద్ధమైన చాటువొకటి ఉన్నది. ఆ ఆస్థానంలో దర్శనం కోసం తాను తలకు కుళ్ళాయి పెట్టుకొని, పెద్ద అంగీ తొడుక్కొని పడిన పాట్లను ఆయన అందులో ఏకరువు పెట్టాడు. అలవాటు లేని వేషంలో పెద్దల ముందు నిలుచున్నవాని ఇబ్బంది అది. మొదటిసారి టై కట్టుకొని ఉద్యోగపు ఇంటర్వ్యూకు పోయిన నేటి యువకునికి ఆ పద్యం తేలికగానే అర్థమవుతుంది. వేషానికి విలువ కట్టే అధికారం ఎదుటివాని చేతిలో ఉన్నప్పుడు మహాకవికైనా గొంతు తడబడుతుంది.

పల్లెజీవితంలో కండువా చేసిన పనులకు లెక్కలేదు. పశువుల సంతలో బేరగాళ్లు తువ్వాలు చాటున చేతులు కలిపి, వేళ్లను నొక్కి ధర చెప్పుకొనేవారు. చుట్టూ నిలిచిన పదిమందికీ బేరం జరుగుతున్నదని తెలిసేది, ధర మాత్రం తెలిసేది కాదు. పెద్దమనిషి లేచి కండువా దులిపి భుజాన వేసుకొన్నాడంటే ఇక మాటలు ముగిసినట్లే. పెండ్లిలో వధువు చీరకొంగుకు వరుని ఉత్తరీయపు చెంగును ముడివేస్తారు, అదే బ్రహ్మముడి. హరికథకుడు దానినే నడుముకు బిగించి, కాలికి గజ్జె కట్టి, చిడతలు పట్టి చిందువేస్తాడు. ఇటీవలి కాలంలో రాజకీయాలు కూడా ఈ గుడ్డను అరువు తెచ్చుకొన్నాయి. 'కండువా కప్పుకొన్నాడు' అంటే ఒక పక్షంలో చేరాడని, 'కండువా మార్చాడు' అంటే పక్షం మార్చాడని వార్తాపత్రికలు చదివే ప్రతి తెలుగువానికీ తెలుసు. భుజం మీద గుడ్డకు బదులుగా మనిషి మారిపోవడాన్ని చెప్పే జాతీయం ఇది. ఎవరు కల్పించారో కాని గట్టి మాట.

ఇక ఈ వస్త్రం చరిత్రలోని రెండవ ముఖాన్ని చూడాలి. దక్షిణదేశపు దేవాలయాలలో భక్తుడు స్వామి సన్నిధికి వచ్చినప్పుడు భుజం మీది ఉత్తరీయాన్ని తీసి నడుముకు కట్టుకోవడం ఒక మర్యాద. గురువు ఎదుట శిష్యుడు, విందులో వడ్డించే గృహస్థు కూడా అట్లే చేస్తారు. 'నేను సేవకు సిద్ధంగా ఉన్నాను' అని ఆ చేష్టకు అర్థం. ఆ వినయం ఎవరికి వారు తెచ్చుకొన్నది కనుక అందులో శోభ ఉన్నది. కాని ఇదే చేష్టను బలవంతులు బలహీనుల చేత శాసనంగా చేయించారు. దొర గడీ ముందు నుండి, భూస్వామి వాకిలి ముందు నుండి నడిచేటప్పుడు కూలివాడు, వెట్టివాడు, అంటరానివాడని దూరం పెట్టబడినవాడు భుజం మీద తువ్వాలు ఉంచుకోరాదు. దానిని తీసి నడుముకు చుట్టుకోవలె, లేదా చంకలో పెట్టుకోవలె. కాళ్ల చెప్పులు చేతికి రావలె. మరచిపోతే శిక్ష తప్పదు. గుడ్డ ఒక్కటే, ముడి ఒక్కటే, కట్టిన చోటు ఒక్కటే. భక్తుని నడుముకు అలంకారమైనది వెట్టివాని నడుముకు సంకెల అయింది.

పై వస్త్రం కోసం మనుషులు పోరాడవలసి వచ్చిందంటే ఈ కాలపు విద్యార్థులకు ఆశ్చర్యం కలగవచ్చు. తిరువాన్కూరు సంస్థానంలో నాడార్ స్త్రీలు తమ వక్షస్థలాన్ని కప్పుకొనే హక్కు కోసం 19వ శతాబ్ది పూర్వార్ధమంతా ఆందోళన చేశారు. 1859లో రాజప్రకటన వెలువడి వారికి ఆ హక్కు లభించింది. అప్పుడు కూడా అగ్రవర్ణ స్త్రీలు ధరించే పద్ధతిలో ధరించరాదనే మెలిక మిగిలింది. తెలంగాణలో 1946 నుండి 1951 వరకు సాగిన సాయుధ రైతాంగ పోరాటం భూమి కోసం, వెట్టి నిర్మూలన కోసం జరిగింది. వెట్టితోపాటు ఆ వంగి నడిచే మర్యాదలు కూడా సడలిపోయాయి. భుజం మీద తువ్వాలుతో దొర వాకిలి దాటగలగడం ఆనాటి పేదవానికి చిన్న విజయం కాదు. మరొక దిక్కున, 1921 సెప్టెంబరు 22న మధురైలో గాంధీమహాత్ముడు చొక్కా, టోపీ విడిచి కొల్లాయి గుడ్డ ధరించాడు; శరీరరక్షణకు అవసరమైనప్పుడు మాత్రమే పై వస్త్రం కప్పుకొంటానని ప్రకటించాడు. లేనివాడు భుజం మీద గుడ్డ కోసం పోరాడుతున్న దేశంలో ఉన్నవాడు దానిని వదలుకొనడం, రెండూ ఒకే గౌరవాన్ని వెదికిన దారులే.

నేను స్వయంగా చూచిన సంగతి ఒకటి చెప్పాలి. చాల ఏండ్ల క్రితం ఒక కళాశాల వార్షికోత్సవంలో ప్రథమస్థానంలో ఉత్తీర్ణుడైన విద్యార్థిని, వానిని పెంచిన తాతను వేదిక మీదికి పిలిచారు. ఆ ముసలివాడు మెట్ల దగ్గర చెప్పులు విడిచి, భుజం మీది తువ్వాలు తీసి నడుముకు చుట్టుకొన్నాడు. మనుమడు చూచి, "అదేంది తాతా!" అంటూ ముడి విప్పి మళ్లీ భుజాన వేశాడు. రెండు మెట్లు ఎక్కగానే ఆయన చేయి తనంత తానే పైకి పోయి తువ్వాలును లాగింది. "పెద్దసార్లు కూసున్నరు గదరా" అన్నాడు మెల్లగా. మనుమడు ఈసారి ఏమీ అనలేదు. తువ్వాలు భుజం మీద వేసి, తాత భుజం చుట్టూ చేయి వేసి నడిపించుకొని వచ్చాడు. అప్పటివరకు నా పట్టు ఉత్తరీయపు మడతలు సర్దుకొంటూ కూర్చున్న నేను లేచి నిలుచున్నాను. ఫోటో తీసేటంతసేపూ ఆ వృద్ధుడు ఒక చేత్తో తువ్వాలును భుజానికి అదిమి పట్టుకొనే ఉన్నాడు, జారిపోతుందేమో అన్నట్లుగా.

ఇప్పుడు ఉత్తరీయాన్ని ఎంచుకొనే సంగతి. పంచెల చాపు కొన్నప్పుడు సాధారణంగా పంచె నాలుగు గజాలు, ఉత్తరీయం సుమారు రెండు గజాలు ఉంటాయి. ఉత్తరీయం మరీ పొట్టిదైతే భుజం మీద నిలవదు. రంగు, అంచు పంచెతో కలిసి ఉండాలి. శుభకార్యాలకు తెలుపు, మీగడ రంగు, లేత పసుపు ఎన్నడూ తప్పిపోవు. పరామర్శకు పోయేటప్పుడు జరీ లేని తెల్లని నూలు ఉత్తరీయమే ఉచితం. అంచు రెండు వేళ్ల వెడల్పు ఉంటే విద్యార్థికి, యువకునికి అందం. అరచేతి వెడల్పు జరీ అంచు వరునికే శోభిస్తుంది. అతిథి భుజం వరుని భుజం కంటె ఎక్కువ మెరిస్తే చూచేవారు నవ్వుకొంటారు.

మన నేతగాండ్ల చేతిలో ఈ గుడ్డకు ఎన్ని రూపాలు ఉన్నాయో చెప్పాలంటే వేరే పాఠం కావాలి. శ్రీకాకుళం జిల్లా పొందూరులో వాలుగ చేప దవడ ఎముకతో పత్తిని ఏకి, రాట్నం మీద సన్నని నూలు వడికి ఖద్దరు నేస్తారు. అంత మెత్తని తెలుపు యంత్రానికి రాదు. మంగళగిరి గుంట మగ్గాల మీద దిట్టమైన నూలు బట్టకు సన్నని జరీ అంచు వేస్తారు. వెలుగోటి సంస్థానాధీశుల ఆదరణలో పెరిగిన వెంకటగిరి నేత పలుచదనానికి పేరు పొందింది. పోచంపల్లివారు నూలుకు ముందుగానే ముడులు వేసి రంగులద్ది, ఆ తరువాత నేస్తారు. అందువల్ల చిత్రం బట్ట మీద అచ్చు వేసినట్లు కాక దారంలోనే పుడుతుంది. దీనికి దగ్గర చుట్టం పుట్టపాక, చీరాల ప్రాంతాల తేలియా రుమాలు. నూలును నూనెలో, బూడిద నీటిలో నానబెట్టి ఎరుపు, నలుపు రంగులు ఎక్కించి చతురస్రంగా నేసే ఈ గుడ్డను జాలరులు, పశులకాపరులు తలకు చుట్టుకొన్నారు. అరబ్బు దేశాలకు ఓడలలో ఎగుమతి అయింది. పుట్టపాక తేలియా రుమాలుకు 2020లో భౌగోళిక గుర్తింపు లభించింది. కోటు జేబులో రుమాలు పెట్టుకోదలచినవారు కూడా ఈ నేతను ఒకసారి చూచి ఆ తరువాత విదేశీ పట్టు సంగతి ఆలోచించవచ్చును.

చేనేత బట్టను గుర్తుపట్టడం కష్టం కాదు. మగ్గం మీద బట్టను వెడల్పుగా బిగించి ఉంచే బద్దకు సూదిమొనలు ఉంటాయి. వాటి గుర్తులుగా రెండు అంచుల పొడవునా సన్నని రంధ్రాలు కనిపిస్తాయి. నేతలో అక్కడక్కడ స్వల్పమైన హెచ్చుతగ్గులు ఉంటాయి. మనిషి చేయి పనిచేసిందనడానికి అవే సాక్ష్యం. అవి దోషాలని దుకాణంలో గొడవపెట్టుకోరాదు. 2006 నుండి చేనేత గుర్తు ముద్రించిన చీటీలు కూడా వస్తున్నాయి. చేనేత పరిశ్రమ రక్షణ కోసం 1985లో చేసిన కేంద్రచట్టం కొన్ని రకాల వస్త్రాలను చేతిమగ్గాలకే కేటాయించింది. చీరె, పంచెతో పాటు తువ్వాలు, అంగవస్త్రం కూడా ఆ జాబితాలో ఉన్నాయి. అయినా మరమగ్గం సరుకు చేనేత పేరుతో అమ్ముడుపోవడం ఆగలేదు. కొనేవాడు అంచు తిరగేసి చూడకపోతే నేసేవాని పొట్ట మీద దెబ్బ పడుతుంది.

ధరించే పద్ధతి కొంచెం అభ్యాసం చేస్తే వస్తుంది. ఉత్తరీయాన్ని పొడవునా నాలుగైదు కుచ్చెళ్లుగా మడిచి, అంచు వెలుపలికి కనిపించేటట్లు ఎడమ భుజం మీద వేసుకోవాలి. ముందు చెంగు నడుము దిగువకు, వెనుక చెంగు దానికి కొంచెం పైకి ఉంటే జారదు. పి.వి. నరసింహారావు పంచె, లాల్చీ, భుజాన ఉత్తరీయంతో దేశదేశాల నేతల మధ్య నిలిచిన ఛాయాచిత్రాలను చూస్తే ఆ తీరు తెలుస్తుంది. ఆయనకు అది వేషం కాదు, అలవాటు. జారుతుందనే భయంతో చొక్కాకు పిన్నీసు గుచ్చుకోవద్దు. గుడ్డ చిరుగుతుంది, మనసంతా పిన్నీసు మీదనే ఉంటుంది. మాట్లాడేటప్పుడు మాటిమాటికీ దానిని ఎగదోసుకోవద్దు. జారితే ఒకసారి తీసి నిదానంగా మళ్లీ వేసుకోవడమే మర్యాద. భోజనానికి కూర్చున్నప్పుడు చెంగులు విస్తరిలో పడకుండా ఒడిలోకి తీసుకోవాలి.

కళాశాల సభలలో అతిథిని సన్మానించే బాధ్యత తరచుగా విద్యార్థినీ విద్యార్థుల మీదనే పడుతుంది. ఉత్తరీయాన్ని ప్లాస్టిక్ సంచిలో ఉంచే చేతికి ఇవ్వడం సన్మానం కాదు. ధర చీటీని ముందుగానే తీసివేయాలి. పూర్తిగా విప్పి, రెండు చేతులతో అంచులు పట్టుకొని, అతిథి వీపు మీదుగా తెచ్చి రెండు భుజాల మీద సమంగా కప్పాలి. కప్పేవారు పొట్టివారైతే అతిథే కొంచెం తల వంచుతారు, తొందరపడనవసరం లేదు. ఇక ఏప్రిల్ నెల మిట్టమధ్యాహ్నం ఉన్ని శాలువా కప్పే ఆచారం గురించి నేను ఎక్కువ చెప్పను. చెమటలు క్రక్కుతూ చిరునవ్వు నవ్విన అనుభవం నాకు కొంత ఉన్నది. అదే వెలకు ఒక మంచి నూలు ఉత్తరీయం వస్తుంది. పుచ్చుకొన్నవారు దానిని ఇంటికి పోయిన తరువాత కూడా వాడుకొంటారు.

నూలు ఉత్తరీయాన్ని చల్లని నీటిలో ఉతికి, పలుచని గంజి పెట్టి, నీడలో ఆరవేయాలి. జరీ ఉన్నదానిని పిండరాదు, బండ మీద బాదరాదు. కలరా ఉండలు జరీకి తగిలితే నల్లబడుతుంది కనుక పాత నూలుగుడ్డలో చుట్టి పెట్టెలో ఉంచాలి. మూడు నాలుగు నెలలకు ఒకసారి తీసి మడతలు మార్చకపోతే మడత పడిన చోటనే దారం తెగుతుంది. కొత్తదానిని మొదటిసారి ధరించేటప్పుడు మూలన కాసింత పసుపు రాయడం పెద్దలు నేర్పిన పద్ధతి. ఇస్త్రీ చేసేటప్పుడు అంచు మీద తడిగుడ్డ పరచి చేసి, ముందురోజు రాత్రే కుచ్చెళ్లు మడిచి పెట్టుకొంటే ఉదయపు తొందరలో భుజాన వేసుకోవడమే మిగులుతుంది.